కుడివైపు నీళ్ళు

ఆదోనిలో ఆ ఇల్లు రేణుకకు నచ్చింది హాలు చూసే. మగ్గం వర్కు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళంతా తమ చెక్కచట్రాలు పరుచుకుని కూర్చున్నా మధ్యలో నడవడానికి ఇంకా దారి మిగులుతుంది. ఉత్తరం వైపు రెండు పెద్ద కిటికీలు. పొద్దు వాలేదాకా లైటు వేయకుండానే సూదిలోకి దారం ఎక్కించుకోవచ్చు. భర్త ఉరుకుందప్ప మాత్రం "మనిద్దరికి ఇంత ఇల్లు ఎందుకే?" అన్నాడు. అతను పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. పొద్దున పోయి సాయంత్రం దూదిపింజలతో తిరిగొచ్చి, నీళ్ళు పోసుకుని, తిని పడుకునే మనిషి. అతనికి ఏ ఇల్లయినా ఒకటే. రేణుకకు అట్లా కాదు. పెండ్లయి చాలా ఏండ్లయినా పిల్లలు లేరు. నేర్చుకునేవాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

హాల్లో పడమటి గోడలో ఒక చేపల తొట్టి ఉంది. గోడను తొలిచి, లోపల సిమెంటు పూసి, ముందర మందమైన అద్దం బిగించినారు. పైన చెక్కమూత. పొడవు ఎంతంటే ఒక మనిషిని పడుకోబెట్టవచ్చు. అడుగున ఎర్రటి గులకరాళ్ళు ఎండిపోయి ఉన్నాయి. కుడివైపు మూలలో నల్లరాళ్ళు ఒకదానికొకటి ఆనించి చిన్న గుహలా ఉంది. ఎడమవైపు ఏమీ లేదు.

ఇల్లు చూపించిన రోజు జైతూన్ బీ దాని ముందు ఆగలేదు. ఆమె ఆ ఇంటి యజమాని. భర్త కరీం సాబ్ పోయినప్పటి నుంచి మేడ మీద ఒక్కతే ఉంటుంది. మెట్లు దిగడానికి మోకాళ్ళు సహకరించవని కిందిల్లు అద్దెకిస్తోంది.

"దాంట్లో బట్టలు పెట్టుకో, బొమ్మలు పెట్టుకో. నీ ఇష్టం బేటీ" అని వంటింటి వైపు నడిచింది.

రేణుక బొమ్మలూ పెట్టలేదు, బట్టలూ పెట్టలేదు. చేపలు పెట్టాలనుకుంది.

కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి ఆమె తరచుగా ఎమ్మిగనూరు పోతుంది. అక్కడ బస్టాండు దగ్గర్లో షాహీన్ అని ఒకామె చేపల అంగడి పెట్టింది. జంతుశాస్త్రంలో డిగ్రీ చేసి, కొన్నాళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ పని మాని ఇది మొదలుపెట్టింది. అంగట్లోకి పోతే నీళ్ళ మోటర్ల గురగుర తప్ప వేరే శబ్దం వినపడదు. ఆ రోజు రేణుక నేరుగా పోయి, పసుపు మీద నల్లచారలున్న చిన్న చేపలను చూపించి "ఇవి బాగుండాయి. ఆ రెక్కలు పొడుగ్గా ఉండేవి కూడా" అంది.

షాహీన్ నవ్వింది. "రెండూ కలిపి ఏస్తే వారం తిరిగేసరికి ఆ పొడుగు రెక్కలు ఉండవక్కా. ఈ చారలవి టైగర్ బార్బులు. పక్కదాని రెక్కలు కొరకడమే వాటి పని. ముందు మీ ఇంట్లో నీళ్ళెట్లుంటాయో సెప్పు."

"బోరునీళ్ళు. బిందెకు తెల్లగా సున్నం పడతాది."

"అయితే కొన్నిటిని మరిసిపోవల్ల. మెత్తటి నీళ్ళలో పెరిగేవి ఉండాయి, నీలంగా మెరిసేవి, అవి మీ నీళ్ళలో బతుకుతాయి గానీ సుఖంగా ఉండవు. మోలీలు, ప్లాటీలు, గప్పీలు అట్ల కాదు. సున్నం నీళ్ళంటే వాటికి ప్రాణం. ఈడ మనుషులు బతకలేదా, అట్లనే."

రేణుక గోల్డ్ ఫిష్ అడిగింది. అది చల్లటి నీళ్ళ చేప, తొట్టిని తొందరగా మురికి చేస్తుంది, వీటితో కలవదు అంది షాహీన్. ఫైటర్ చేప అడిగితే తల అడ్డంగా ఊపింది. ఏంజెల్ చేప దగ్గర మాత్రం కాస్త ఆలోచించింది.

"ఇప్పుడు సిన్నది. ఇంకో ఏడాదికి అరచేయంత అవుతాది. అప్పుడు గప్పీ పిల్ల దాని కంటికి మేతే. ఒకటి గుర్తు పెట్టుకో అక్కా. సేప మంచిదా చెడ్డదా అని కాదు సూడాల్సింది. దాని నోట్లో ఏం పడతాది అని సూడాల. నోట్లో పట్టేదాన్ని ఏ సేపైనా మింగుతాది. అది పగ కాదు, ఆకలి కూడా కాదు. దాని తీరు అంతే."

చివరికి నల్ల మోలీలు, ఎర్ర ప్లాటీలు, కొన్ని గప్పీలు కుదిరాయి. ఒక్కో మగదానికి రెండు మూడు ఆడవి ఉండేట్టు షాహీన్ ఏరింది. లేకపోతే మగవి వెంటపడి ఆడవాటిని చంపేస్తాయట. పైనీళ్ళలో గుంపుగా తిరగడానికి జీబ్రా చేపలు, అద్దానికి అతుక్కుని పాచి తినే మీసాల చేప ఒకటి. "పైన ఉండేవి పైన, నడుమ ఉండేవి నడుమ, అడుగుది అడుగున. ఒకదాని జాగాకు ఒకటి రాదు. కొట్లాటే ఉండదు" అంది. కానీ ఆ రోజే ఇవ్వలేదు. తన అంగట్లో వాడుతున్న ఫిల్టర్ స్పాంజి ముక్క చేతిలో పెట్టి, ముందు ఖాళీ తొట్టిలో మోటరు పెట్టి కొన్నాళ్ళు నీళ్ళు తిప్పమంది. నీళ్ళు కుదురుకున్నాక వచ్చి చేపలు తీసుకుపొమ్మంది.

రేణుక గులకరాళ్ళను బయటికి తీసి కడిగి మళ్ళీ పోసింది. నల్లరాళ్ళ గుహను మాత్రం కదిలించలేదు. ఎవరు పేర్చారో గానీ ముచ్చటగా ఉంది.

నీళ్ళు కుదురుకోవడానికి పెట్టిన రోజుల్లో ఏమీ జరగలేదు. ఒక్కటే, ఖాళీ తొట్టిలో కుడివైపు గులకరాళ్ళు పొద్దున చూస్తే కొంచెం గుంటపడి ఉండేవి. నీటి తోపుకు అట్లా అవుతుందనుకుని చేత్తో సర్దేది.

చేపలు వచ్చిన రోజు మగ్గం దగ్గర కూర్చున్న ఆడవాళ్ళంతా లేచి తొట్టి చుట్టూ చేరారు. షాహీన్ చెప్పినట్టే కవర్లను నీళ్ళ మీద కాసేపు తేలనిచ్చి, తర్వాత మెల్లగా వదిలింది రేణుక. మోలీలు నల్లటి వెల్వెట్ ముక్కల్లా దిగాయి. జీబ్రాలు గుంపు కట్టి ఒక్క చుట్టు చుట్టాయి. ఆ చుట్టు తొట్టి నడిమికి వచ్చేసరికి తెగింది. అన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఎడమవైపుకు వచ్చేశాయి.

కొత్త కదా, సర్దుకుంటాయని అందరూ అన్నారు.

సర్దుకోలేదు. పైన తిరిగేవి, నడుమ తిరిగేవి, అడుగున పాకేది, అన్నీ తొట్టిలో ఎడమవైపే ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. మిగతా నీళ్ళంతా ఖాళీ. తెల్లగా, నిశ్చలంగా, పైనుంచి పడే వెలుతురుతో ఎంతో అందంగా ఉన్న ఖాళీ. రేణుక చట్రం మీద పూసలు కుడుతూ అప్పుడప్పుడు తలెత్తి చూసేది. చూడగా చూడగా ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఆ ఖాళీకి ఎప్పుడూ ఒకే ఆకారం లేదు. ఒక్కోసారి అది నడిమికంటా వచ్చేది. చేపలు ఇంకా ఇరుకుగా మూలకు ఒదిగేవి. ఒక్కోసారి వెనక్కి గుహ దగ్గరికి తగ్గేది. అప్పుడు చేపలు కాస్త పరుచుకునేవి. ఇరుకు బజారులో ఎద్దు నడుస్తుంటే జనం తప్పుకుని, అది పోయాక మళ్ళీ కలిసినట్టు.

మేత రెండు వైపులా చల్లి చూసింది. ఎడమవైపు పడినదాని కోసం చేపలు ఎగబడ్డాయి. కుడివైపు పడిన గింజలు నీళ్ళ మీద కొంతసేపు తేలి, తర్వాత ఒక్కొక్కటే లేకుండా పోయాయి. కిందికి దిగలేదు. గులకరాళ్ళ మీద చూస్తే లేవు.

ఒక మధ్యాహ్నం జీబ్రా ఒకటి గుంపు నుంచి తప్పి నడిమి గీత దాటింది. రేణుక చూస్తూనే ఉంది. ఆ చేప కుడివైపు నీళ్ళలోకి పోయి, ఒక్కసారి మెరిసింది. తర్వాత అక్కడ చేప లేదు. నీళ్ళు కూడా కదలలేదు.

ఆమె ఫోనులో వీడియో తీసి షాహీన్‌కు పంపింది. వెంటనే ఫోను వచ్చింది.

"ఇవన్నీ దేనికో బెదిరి మూలకు పోయినాయి. ఆ కుడిపక్క ఏం సేప ఏసినావక్కా? అంత పెద్దదాన్ని ఎందుకు ఏసినావు?"

"నేనేం ఏయలేదు షాహీన్. నువ్విచ్చినవే."

"నేను వచ్చి సూస్తా" అంది షాహీన్.

రెండు రోజుల తర్వాత షాహీన్ ఆదోని వచ్చింది. నీళ్ళు పరీక్ష చేసింది. మోటర్ తోపు ఎటు ఉందో చూసింది. అద్దంలో నీడలు పడుతున్నాయేమోనని కిటికీలు మూయించింది, తెరిపించింది. ఫిల్టర్‌ను ఎడమవైపుకు మార్చింది. చేపలు మారలేదు. ఆమె కుర్చీ లాక్కుని తొట్టి ముందర చాలాసేపు కూర్చుంది. కూర్చున్నకొద్దీ ఆమె ముఖంలో రంగు తగ్గింది.

"నా అంగట్లో ఇట్ల సూసినాను" అంది చివరికి. "పాత సేప ఉండే తొట్టిలో కొత్తవి ఏసినప్పుడు. పాతది తొట్టంతా తనదే అనుకుంటాది. కొత్తవాటిని మూలకు తరుముతాది. కానీ ఈడ..."

"పాతది ల్యా కదా."

"ల్యా" అంది షాహీన్. ఆ మాట ఆమెకే నమ్మకంగా వినపడలేదు. "అట్లాంటప్పుడు మేం సేసే పని ఒకటుంది. లోపలుండే రాళ్ళన్నీ తీసేసి వేరే తీరుగా పెడతాం. సేప తన జాగాను రాళ్ళతోనే గుర్తు పడతాది. రాళ్ళు మారితే అది తన జాగా అని తెల్దు. పాతదీ కొత్తదీ అప్పుడు సమానం."

చేప లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ చేతులు తుడుచుకుని, చేపలను బకెట్టులోకి తీసి, నల్లరాళ్ళను ఒక్కొక్కటే బయటికి తీశారు. గుహలోపలి రాయి రేణుక చేతికి మంచుగడ్డలా తగిలింది. రాళ్ళను ఎడమవైపు గోడలా పేర్చి, కుడివైపు చదును చేసి, షాహీన్ తెచ్చిన నాచుమొక్కలు నాటారు. చేపలను తిరిగి వదిలారు.

జీబ్రాలు ఈ కొసనుంచి ఆ కొసకు ఈదాయి. మోలీలు మొక్కల మధ్యకు పోయి ఆకులు పొడిచాయి. మీసాల చేప కుడివైపు అద్దం మీద హాయిగా అతుక్కుంది. రేణుకకు కండ్లలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు తొట్టి తొట్టిలా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో అంతా బాగానే ఉందనిపించింది. ప్లాటీలు పిల్లలు పెట్టాయి. ఉరుకుందప్ప కూడా మిల్లు నుంచి వచ్చాక తొట్టి ముందర కాసేపు నిలబడేవాడు. నిలబడేది మాత్రం ఎప్పుడూ ఒక పక్కకే.

ఇంటిలో ఏదో మారిందని మొదట కనిపెట్టింది మల్లేశ్వరి. ఆమె రేణుక దగ్గర పని నేర్చుకునేవాళ్ళలో చిన్నది. చంకలో పాకే వయసు బిడ్డ. ఒకరోజు చట్రం పరుస్తూ "జరగండక్కా, నా సందులో కూసున్నారు" అని పక్కామెను మోచేత్తో తోసింది. పక్కామె "యాడికి జరగాలమ్మా, సోటు యాడుంది?" అంది.

రేణుక తలెత్తి చూసింది. ఆడవాళ్ళంతా వాకిలి వైపు, గోడకు ఆనుకుని, మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతూ కూర్చున్నారు. చట్రాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. తొట్టి వైపు సగం హాలు ఖాళీగా ఉంది. అక్కడ కిటికీ వెలుతురు నేల మీద పరుచుకుని ఉంది. పనికి అదే మంచి చోటు. అక్కడ ఒక్కరూ లేరు.

"ఆడ అంత సోటు ఉండాది కదా, ఆడ కూసోండి" అంది రేణుక.

ఎవరూ లేవలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మల్లేశ్వరి నోరు తెరిచింది. "ఏమో అక్కా. ఆడికి పోవల్లంటే ఎవరికో తగుల్తానేమో అనిపిస్తాది."

రేణుక నవ్వబోయింది. నవ్వు రాలేదు. వంటింట్లో నుంచి వాకిలికి తాను ఎట్లా నడుస్తోందో అప్పుడు గుర్తొచ్చింది. నేరుగా హాలు మధ్యగా పోతే సరిపోయేదానికి, ఈ మధ్య ఆమె తూర్పు గోడ పట్టుకుని చుట్టు తిరిగి వస్తోంది. ఎప్పటి నుంచో తెలియదు. ఉరుకుందప్ప కూడా అంతే. కిటికీ కింద పరుచుకునే చాపను వాకిలి దగ్గరికి మార్చుకున్నాడు.

అందరూ పోయాక ఆమె హాలు మధ్యలో నడవాలని చూసింది. రెండడుగులు వేసింది. మూడో అడుగు దానంతటదే పక్కకు తిరిగింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తిరిగింది. చీకట్లో బల్ల ఉందని తెలిసిన కాలు ఎట్లా తప్పుకుంటుందో అట్లా. ముక్కుకు తడిరాళ్ళ వాసన తగిలింది.

తొట్టిలో చేపలు ఈ కొసనుంచి ఆ కొసకు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి.

మరుసటి రోజుల్లో వస్తువులు కదలడం మొదలైంది. పొద్దున లేచి చూస్తే పూసల డబ్బాలు, కత్తెరలు, చిన్న స్టూలు, అన్నీ నైరుతి మూలకు తోసి ఉండేవి. విసిరినట్టు కాదు. మెల్లగా, ఓపికగా, నెట్టుకుంటూ పోయి ఒకదానికొకటి ఆనించినట్టు. వాటి మధ్య గుహలాంటి సందు. ఉరుకుందప్ప వాటిని చూసి "ఎలుకలేమో" అన్నాడు. స్టూలును తోసే ఎలుక ఏ ఊళ్ళో ఉందో అతనూ చెప్పలేకపోయాడు.

పక్కింటి పిల్లిపిల్ల ఒకటి మధ్యాహ్నం పూట పాలకోసం వచ్చేది. అది గోడవారగా వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చునేది. ఒకరోజు బల్లిని తరుముతూ హాలు మధ్యకు ఉరికింది. చట్రాల దగ్గర ఉన్నవాళ్ళంతా చూశారు. కిటికీలకు జాలీ ఉంది. వాకిలి దగ్గర మనుషులు కూర్చున్నారు. ఆ పిల్లి ఎటునుంచి బయటికి పోయిందో ఎవరూ చూడలేదు. మళ్ళీ రాలేదు. నోట్లో పట్టేదాన్ని ఏ చేపైనా మింగుతుందన్న షాహీన్ మాట రేణుకకు చెవిలో వినపడింది. పైకి అంటే అది నిజమైపోతుందని భయపడింది.

ఆ మరునాడు పనికి వచ్చింది ముగ్గురే. మల్లేశ్వరి బిడ్డను ఒళ్ళో నుంచి దించి, పక్కన బొంత మీద వదిలి, కుట్టు లెక్క తప్పకుండా తల వంచుకుంది. రేణుక జరీ దారం విప్పుతోంది. తలెత్తేసరికి బొంత ఖాళీగా ఉంది.

బిడ్డ హాలు మధ్యలో ఉంది. పాకుతూ పోయి, కూర్చుని, ఎదురుగా ఏదో ఉన్నట్టు పైకి చూస్తోంది. చేయి చాపింది. కితకితలు పెట్టినట్టు నవ్వింది. ఆ చాపిన చేయి గాలిలోకి మెల్లగా మోచేతిదాకా దిగిపోయి, రేణుకకు కనపడకుండా పోయింది.

మల్లేశ్వరి కేక పెట్టింది గానీ లేవలేకపోయింది. లేచినా కాళ్ళు పక్కకే పోతాయని రేణుకకు తెలుసు. అందుకే తన కాళ్ళను నమ్ముకోలేదు. మోకాళ్ళ మీద పడి, కండ్లు మూసుకుని, రెండు చేతులూ ముందుకు పెట్టి ముందుకు తోసుకుంటూ పోయింది. గాలి బరువెక్కింది. చెవులు మూసుకుపోయాయి. లోతు బావిలోకి దిగినప్పటి చలి మెడదాకా వచ్చింది. ఏదో వెడల్పాటిది, మెత్తటిది, ఆమె చెంపకు రాసుకుంటూ తిరిగింది. చేతికి బిడ్డ చొక్కా తగిలింది. పట్టుకుని లాగింది.

వాకిలి దగ్గరికి వచ్చి పడ్డాక చూస్తే బిడ్డ ఏడుస్తోంది. చేయి క్షేమంగా ఉంది. మోచేతిదాకా తడిసి, పాచి వాసన కొడుతోంది. రేణుక జాకెట్టు చేతులు పిండితే నీళ్ళు కారాయి.

ఆమె అట్లాగే, తడిబట్టలతోనే, మేడ మీదికి పోయింది. జైతూన్ బీ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. రేణుకను చూసి చేట పక్కన పెట్టింది.

"ఆ తొట్టిలో నీళ్ళు పోసినావా?" అని అడిగింది.

"పోసినానమ్మా. సేపలు ఏసినాను. రాళ్ళు తీసి వేరే తీరుగా పెట్టినాను."

"రాళ్ళు తీసినావా" అని ముసలామె నుదురు పట్టుకుంది. చెప్పడం మొదలుపెట్టింది.

"మా ఆయనకు ఒకటే సేప. నల్లగా, ఒంటిమీద నిప్పుకణికల్లాంటి మచ్చలు. ఆస్కార్ అంటారంట. దాంతో ఇంకో సేపను ఏస్తే పొద్దునకు ఉండేది కాదు. 'దానికి ఒంటరిగా ఉండడమే ఇష్టం, ఇడిసిపెట్టు' అనేవాడు. మార్కెట్టు నుంచి వస్తానే చెప్పులు ఇడిసి నేరుగా దాని దగ్గరికే. నీళ్ళలో సెయ్యి పెడితే వచ్చి అరచేతిలో ఒరిగేది. నాతో మాట్లాడిందాని కంటే దాంతో మాట్లాడిందే ఎక్కువ బేటీ. ఆ రాళ్ళు మా ఆయన పెట్టినవి కాదు. ఆయన ఎట్ల పెట్టినా అది నోటితో తోసి తోసి తనకు కావల్సినట్ల సేసుకునేది."

"తర్వాత అది ఏమైందమ్మా?"

"ఆయన పోయిన దినం, ఖబరస్తాన్ నుంచి మగోళ్ళు తిరిగొచ్చినాక సూస్తే తొట్టిలో సేప ల్యా. మూత మూసినట్లే ఉండాది, మూత మీద బరువు పెట్టినట్లే ఉండాది. మంచాల కింద, మోరీ కాలవలో, యాడ ఎతికినా దొరకల్యా. నీళ్ళు తీయించేసినాను. రాళ్ళను మాత్రం ముట్టుకోలేదు. భయమో, ఏమో. ఎవురికని సెప్పేది? సెప్తే ఎవురు నమ్ముతారు?"

రేణుక తన తడి చేతులు చూసుకుంది. "నేను నమ్ముతాను" అంది.

ఆమె భుజం పట్టుకుని జైతూన్ బీ మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీద ఆగుతూ, మోకాలు పట్టుకుంటూ. హాల్లోకి వచ్చి మధ్యలో ఉన్న ఖాళీని చూసింది. తల మీద కొంగు సర్దుకుంది, ఇంటికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు సర్దుకున్నట్టు. తర్వాత గోడవారగా తొట్టి దగ్గరికి పోయింది.

ముందు చేపలను బకెట్లలోకి తీశారు. మొక్కలు పీకేశారు. జైతూన్ బీ కుర్చీలో కూర్చుని, మోచేతిదాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, నల్లరాళ్ళను ఒక్కొక్కటే కుడివైపుకు జరిపింది. ఎన్ని ఏండ్లు చూసిందో, ఏ రాయి దేనికి ఆనాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఒక రాయిని పెట్టి, తీసి, కొంచెం వంచి మళ్ళీ పెట్టింది. గుహ ముందర గులకరాళ్ళలో పిడికిలితో గుంట చేసింది. ఆ తర్వాత చేయి తీయలేదు. అరచేయి పైకి పెట్టి, నీళ్ళలో అట్లాగే ఉంచి కూర్చుంది.

మల్లేశ్వరి బిడ్డను గట్టిగా పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఇంటికి పొమ్మంటే పోలేదు.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత తొట్టిలో నీళ్ళు అంచుదాకా లేచి, కొంచెం పొర్లి, గోడ మీదుగా కారాయి. బకెట్టు నీళ్ళు ఎవరో ఒక్కసారిగా పోసినట్టు. జైతూన్ బీ చేయి కిందికి వంగింది, దాని మీద బరువు పడినట్టు. ఆమె ముఖం మీద ఏండ్ల నుంచి బిగిసి ఉన్నదేదో వదులైంది.

"వచ్చినాడు" అంది.

చేప అయితే వచ్చింది అనాలి. రేణుక ఆ మాట విన్నది. వెనక్కి తిరిగి చూస్తే మల్లేశ్వరి బిడ్డకు నీళ్ళు తాపడానికి వంటింట్లోకి పోతోంది. హాలు మధ్యగా, నేరుగా నడుచుకుంటూ పోతోంది. తాను ఎట్లా నడుస్తోందో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఉరుకుందప్ప ఇల్లు ఖాళీ చేద్దామన్నాడు. రేణుక వద్దంది. "ఆడ ఉండేది దాని సోటు. మనం పోయి దాంట్లో కూసుంటిమి. దానికి దాని సోటు ఇస్తిమి కదా, ఇంక మన జోలికి ఎందుకొస్తాది?" అతను కొంతసేపు ఆలోచించి, చాప తీసుకుపోయి కిటికీ కింద పరుచుకుని చూశాడు. కాళ్ళు చాపుకుని పడుకోగలిగాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

షాహీన్ అద్దం తొట్టి ఒకటి తెచ్చి తూర్పు గోడకు పెట్టించింది. మోలీలు, ప్లాటీలు, గప్పీలు, మిగిలిన జీబ్రాలు దాంట్లోకి మారాయి. పైనవి పైన, అడుగుది అడుగున తిరుగుతున్నాయి. గోడలోని పాత తొట్టిలో నీళ్ళు, నల్లరాళ్ళు తప్ప ఏమీ లేవు. మోటర్ మాత్రం ఆపరు. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక జైతూన్ బీ మెట్లు దిగి వచ్చి దాని ముందర కూర్చుంటుంది. మేత వేస్తుంది, చేయి పెడుతుంది. కొన్నిసార్లు మెల్లగా ఏదో మాట్లాడుతుంది. మగ్గం ఆడవాళ్ళు మొదట్లో వింతగా చూసేవాళ్ళు. ఇప్పుడు ఆమె కుర్చీకి చోటు వదిలి చట్రాలు పరుచుకుంటున్నారు. మానుకున్నవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు.

ఈ ఎండాకాలం జైతూన్ బీ కంటి ఆపరేషన్ కోసం రాయచూరులో కూతురింటికి పోయింది. పోతూ మేత డబ్బా రేణుక చేతిలో పెట్టింది.

మొదటి రోజు రేణుకకు ధైర్యం చాలలేదు. పాత తొట్టి వైపు పోకుండా, తూర్పు గోడ తొట్టిలో మేత చల్లి పనిలో కూర్చుంది. కాసేపటికి చూస్తే గింజలు నీళ్ళ మీద అట్లాగే తేలుతున్నాయి. ఏ చేపా ముట్టలేదు. మోలీలు, ప్లాటీలు, గప్పీలు, వేలెడంత లేని పిల్లలతో సహా అన్నీ ఒకే వరుసగా అద్దానికి చేరి, హాలు అవతలి గోడ వైపు తలలు పెట్టి కదలకుండా ఉన్నాయి. మీసాల చేప కూడా అడుగు వదిలి పైకి వచ్చి వాటి పక్కన ఉంది.

రేణుక లేచింది. హాలు దాటి పాత తొట్టి దగ్గరికి పోయి, మూత ఎత్తి, గుహ పైనున్న నీళ్ళలో చిటికెడు గింజలు వేసింది. చేయి మాత్రం పెట్టలేదు. గింజలు తేలాయి. నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, ఒకటి తర్వాత ఒకటి మాయమయ్యాయి. చివరి గింజ పోయేదాకా ఆమె అక్కడే నిలబడింది.

వెనకాల, తూర్పు గోడ దగ్గర, చేపలు మేత మీద పడిన చప్పుడు వినపడింది.